అమ్మాయి మెసేజింగ్ యాప్ పెడతానంటోంది... పీఎఫ్ తీయాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. ప్లేస్‌మెంట్లకు కూర్చోనంటోంది. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి, మధ్యలో ఎవరూ చదవలేని మెసేజింగ్ యాప్ పెడతారట. నా పీఎఫ్‌లోంచి 6 లక్షలు అడుగుతోంది. అనుమానం వచ్చి, తను నిద్రపోయాక ఫోన్ తీసి చాట్‌లన్నీ చూశాను. యాప్ కబుర్లే ఉన్నాయి. ఉద్యోగమా, ఎంటెకా, యాపా? పోల్చి చెప్పండి.

జవాబు: పీఎఫ్ ముట్టుకోకండి. ఈ రాత్రి మీకు నిద్ర పట్టాలని ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

2025 సెప్టెంబరులో జోహో వారి మెసేజింగ్ యాప్ అరట్టై అందరి నోళ్లలో పడ్డప్పటి నుంచి, ద్వారకానగర్‌లో నా దగ్గరికి ఇదే ప్రశ్న పట్టుకుని చాలామంది వస్తున్నారు. పిల్లలు యాప్ చూస్తున్నారు. దాని వెనక 1996 నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మి సంపాదించుకున్న సంస్థ ఉందన్న సంగతి చూడటం లేదు. మన దేశంలోనే 2012లో హైక్ అనే మెసెంజర్ వచ్చింది. 2016లో 100 కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టారు. 2021 జనవరిలో ఆ మెసెంజర్ మూతపడింది. అందుకే ఈ దారి అంటే నాకు మొదటి నుంచీ భయం.

ఉచిత యాప్‌లు మామూలుగా మన అలవాట్లు గమనించి, ప్రకటనలు అమ్ముకుని బతుకుతాయి. మెసేజ్ చదవనని మాటిచ్చిన యాప్‌కి ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. ఖర్చు మాత్రం ఆగదు. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌నే చూడండి. 2018లో వాట్సాప్ స్థాపకుల్లో ఒకరైన బ్రయన్ యాక్టన్ ఇచ్చిన 5 కోట్ల డాలర్లతో ఫౌండేషన్‌గా నిలబడి, ఇప్పటికీ ఎక్కువగా విరాళాల మీదే నడుస్తోంది. 2023లో ఖర్చుల లెక్క బయటపెట్టింది. కొత్తగా చేరేవాళ్లకు ఎస్సెమ్మెస్‌లో కోడ్ పంపడానికే ఏడాదికి 60 లక్షల డాలర్లు, అంటే దాదాపు 50 కోట్ల రూపాయలు! సర్వర్లు, జీతాలు వేరే. మీ 6 లక్షలు ఏ మూలకు?

అలాగని ఈ రంగంలో డబ్బే లేదని కాదు. వాట్సాప్ ఏడాదికి 99 సెంట్ల చందాను 2016లో ఎత్తేసింది. ఇప్పుడు మనకు బిల్లులు, టికెట్లు పంపే సంస్థల దగ్గర వసూలు చేస్తోంది. స్విట్జర్లాండ్ వాళ్ల త్రీమా యాప్‌ని ఒక్కసారి కొనుక్కుంటే సరిపోతుంది, కంపెనీలకు మాత్రం వేరుగా చందా మీద అమ్ముతారు. ఫ్రాన్స్ ప్రభుత్వోద్యోగులు వాడే చాప్ అనే మెసేజింగ్ యాప్‌ని, ఎవరైనా వాడుకోగల మ్యాట్రిక్స్ అనే ఓపెన్ ప్రమాణం మీద కట్టారు. మామూలు జనానికి ఉచితంగా ఇచ్చినా, గోప్యత అవసరం ఉన్న సంస్థల దగ్గర డబ్బు తీసుకోవడమే నాకు నిలబడేలా కనిపిస్తున్న పద్ధతి.

మీ అమ్మాయి వెళ్లాల్సింది కూడా అక్కడికే. మహారాణిపేట చుట్టుపక్కల ఎన్ని ఆసుపత్రులు, ల్యాబులు! రోగి రిపోర్టులు మామూలు చాట్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, భద్రత పాటించని సంస్థకు జరిమానా 250 కోట్ల దాకా పడొచ్చు. నెలనెలా డబ్బు కట్టడానికి ఒక్క ఆసుపత్రినైనా ఒప్పించుకుని రమ్మనండి. ఒప్పుకుంటే అప్పుడు సర్వర్ అద్దెకు సాయం చేయండి. అది వేలల్లో ఖర్చు, లక్షల్లో కాదు.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. ఇరవయ్యేళ్ల పిల్ల నిద్రపోయాక ఫోన్ తీసి చదవడమేమిటి? మీ ఉత్తరాలు మీ నాన్నగారు చాటుగా విప్పి చదివితే ఊరుకునేవారా? ఏమీ దొరకలేదని మీరు ఊపిరి పీల్చుకున్నారు. తనకు తెలిస్తే ఇకమీదట ఏ కష్టమొచ్చినా మీకు చెప్పదు. మిమ్మల్ని నిజంగా పీడిస్తున్నది 6 లక్షలు కాదు, బిడ్డ చేయి దాటిపోతోందన్న బెంగ. తను చాటుగా ఏమీ చేయలేదు, ఎదురుగా కూర్చుని అడిగింది. అలాంటి పిల్ల గురించి బెంగ పడకండి.

పోల్చమన్నారు. ఉద్యోగానికి, యాప్‌కి పోటీ పెట్టొద్దు. ప్లేస్‌మెంట్లకు కూర్చోమనండి, ఆఫర్ చేతిలో ఉంటే భయం లేకుండా ఆలోచిస్తుంది. లెక్కల మీద నిజంగా ఇష్టం ఉంటే కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో క్రిప్టాలజీ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లో దాచే విద్య) అండ్ సెక్యూరిటీ ఎంటెక్ ఉంది. నా మనసు అటే మొగ్గుతోంది. యాప్ ఆగిపోయినా ఆ విద్య బ్యాంకుల్లో, రక్షణ పరిశోధనలో అక్కరకొస్తుంది. సిగ్నల్ యాప్ ప్రోగ్రామ్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. సెలవుల్లో అది చదవమనండి, ఎంత లోతుందో తనకే తెలుస్తుంది.

ముందు మీరు ఫోన్ చూసిన సంగతి తనకు చెప్పి, క్షమించమని అడగండి. తర్వాత ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి. వెయ్యిమంది వాడితే నెలకు ఖర్చెంత, అది ఎవరు కడతారు అన్న లెక్క కాగితం మీద రాసుకుని రమ్మనండి.