పాదంలో తీగ గుచ్చుకుని పది రోజులైందా? కూరల సంగతి తర్వాత, ముందు పుండు చూపించుకోండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున గ్లిమెపిరైడ్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. జూన్‌లో మిద్దె మీద తోట మొదలుపెట్టాను. షుగర్ ఉన్నవాళ్లు ఏ కాలంలో ఏ కూరలు పెంచుకుని ఎలా వండుకోవాలో చెప్పండి. కాకర బాగా కాస్తోంది, రోజూ పరగడుపున రసం తాగుతున్నాను కాబట్టి రాత్రి మాత్ర మానేశాను. పది రోజుల కిందట పందిరికి కట్టిన ఇనుప తీగ అరికాల్లో గుచ్చుకుంది. నొప్పి లేదు గానీ పుండు ఇంకా చెమ్మగానే ఉంది. మా అబ్బాయికి పంటి నొప్పికి రాసిన యాంటీబయాటిక్ మిగిలితే మూడు రోజులు వేసుకున్నాను. పసుపు పెడుతున్నాను.

జవాబు: అమ్మా, కూరల గురించి చెప్తాను, కానీ ముందు ఆ పాదం. షుగర్ ఉన్నవాళ్ల అరికాల్లో ఇనుప తీగ దిగి పది రోజులైనా చెమ్మ ఆరలేదంటే అది పసుపు పెట్టుకుంటూ చూద్దాంలే అనుకునే విషయం కాదు. ఇది చదివిన రోజే వెళ్లి చూపించుకోండి. సర్జన్ అయితే మంచిది, వెంటనే దొరక్కపోతే కనీసం దగ్గర్లోని బస్తీ దవాఖానాకైనా వెళ్లండి, అవసరమైతే వాళ్లే పెద్దాసుపత్రికి పంపిస్తారు.

నొప్పి లేదని ధైర్యంగా రాశారు, నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ మాటే. అరికాల్లో పది రోజుల పుండు పెట్టుకుని నడుస్తుంటే నొప్పి తెలియాలి. తెలియడం లేదంటే ఇన్నేళ్ల షుగర్‌కు పాదాల నరాలు మొద్దుబారి ఉండొచ్చు. ఇలాంటివాళ్లు చెప్పులో చిన్న రాయి పడినా తెలియక రోజంతా తిరుగుతారు, సాయంత్రం ఇంట్లోవాళ్లు గచ్చు మీద రక్తపు మరకలు చూసి చెప్తే అప్పుడు కాలు ఎత్తి చూసుకుంటారు. పైకి పెసరగింజంత చిల్లు కనిపిస్తుంది, లోపల చీము ఎముక దాకా పోయి ఉంటుంది. మీకు అలాగే ఉందని నేననడం లేదు, చూడకుండా ఎవరూ చెప్పలేరు కూడా. అందుకే చూడాలి అంటున్నాను. పుండు లోతెంత, లోపల తీగ ముక్క ఏమైనా ఉండిపోయిందా, పాదానికి రక్తం సరిగా అందుతోందా, స్పర్శ ఎంత ఉంది అన్నవి పరీక్షిస్తారు. ఎక్స్‌రే, షుగర్ పరీక్షలు అవసరం కావచ్చు. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాపు, దుర్వాసన, నలుపు, జ్వరం, చలి, వీటిలో ఏది ఉన్నా ఓపీ టైమ్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకే వెళ్లండి.

టెటనస్ ఇంజెక్షన్ సంగతి మీరు రాయలేదు. తీగ, మట్టి, పశువుల ఎరువు, మూడూ ఉన్న చోట తగిలిన గాయం ఇది. చివరి డోసు వేయించుకుని ఐదేళ్లు దాటితే, లేదా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే, అక్కడే అడగండి. ఇంకొకటి, తడి మట్టిలో ఉండే బ్యాక్టీరియా వల్ల మెలియోయిడోసిస్ అనే జబ్బు వస్తుంది. అరుదే గానీ షుగర్ ఉన్నవాళ్లకు, అదీ వానాకాలంలో, ముప్పు ఎక్కువ. గాయం తర్వాత జ్వరం వస్తే తోటపని చేస్తున్నానని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, చెప్పకపోతే ఆ ఆలోచన రాకపోవచ్చు.

ఇక ఆ యాంటీబయాటిక్. పంటికి రాసిన మందు పాదానికి పనిచేస్తుందని ఎలా అనుకున్నారమ్మా? ఏ క్రిమి ఉందో తెలియదు, డోసు తెలియదు, మీ కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియదు. మూడు రోజులు వేసి ఆపేస్తే పైన కాస్త తగ్గినట్టు కనిపించి లోపల అలాగే ఉండిపోతుంది, తర్వాత చీము పరీక్షకు పంపినా క్రిమి సరిగా దొరక్కపోవచ్చు. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే పాదాల్లో చాలా వాటి వెనక ఇదే కథ. ఎవరిదో మిగిలిన మందు, నాలుగు రోజులు చూద్దాం, ఇంకో నాలుగు రోజులు చూద్దాం. అప్పటికి వేలు నల్లబడుతుంది. దయచేసి ఇంట్లో మిగిలిన మాత్రల డబ్బా ఒకటి పెట్టుకోవడం మానండి. పసుపు కూడా ఆపండి, పుండు రంగు కనిపించదు. వేడినీళ్లలో కాలు పెట్టకండి, మొద్దుబారిన పాదానికి కాలినా తెలియదు.

రాత్రి మాత్ర మీ అంతట మీరు మానడం సరికాదు. కాకర రసం షుగర్‌ను కొంత తగ్గించొచ్చు, కానీ ఎంత తగ్గిస్తుందో, ఏ రోజు ఎలా పనిచేస్తుందో లెక్క ఉండదు, మాత్రకు బదులు కాదు. పైగా గ్లిమెపిరైడ్ వేసుకుని, పరగడుపున రసం తాగి, టిఫిన్ సంగతి మర్చిపోయి మిద్దె మీద కుండీలు జరుపుతుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే కూర్చుని మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. మెట్ల మీద ఉండగా అలా అయితే ఏమవుతుందో ఆలోచించండి. మాత్రలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో రేపటిలోగా మీ డాక్టర్‌ను అడగండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చేయించుకుని ఎన్నాళ్లైంది?

కాకరను కూరగా తినండి, బెల్లం పులుసుగా కాదు, నూనెలో వేపుడుగానూ కాదు. మన వాతావరణానికి ఈ వానల్లో తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, బీర, సొర బాగా వస్తాయి. పాలకూర, మెంతి, చిక్కుడు, ముల్లంగి దసరా దాటి చలి మొదలయ్యాక. ఎండాకాలంలో దోస, గంగవాయిలి కూర. షుగర్‌కు వీటిలో చెడ్డదేమీ లేదు, పళ్లెంలో సగం కూర ఉండి అన్నం పావు భాగమే ఉంటే చాలు. కిడ్నీలో రాళ్లు వచ్చి ఉంటే పాలకూర రోజూ వద్దు. సొరకాయ ముక్క కోయగానే నాలుక మీద పెట్టి చూడండి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి. చేదు సొరకాయ రసం తాగి రక్తపు వాంతులతో ఆసుపత్రిలో చేరినవాళ్లున్నారు, తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణులూ హెచ్చరించారు. ఎరువు వేసిన ఆకుకూరల్ని రెండు మూడు నీళ్లలో కడిగి, ఉడికించే తినండి. కుండీల కింద పళ్లాల్లో నీళ్లు వారానికోసారి పారబోసి రుద్దండి, డెంగీ దోమ అక్కడే పెరుగుతుంది.

పుండు పూర్తిగా మానేదాకా మిద్దె ఎక్కొద్దు, నీళ్లు ఇంట్లోవాళ్లతో పోయించండి. తర్వాత కూడా హవాయి చెప్పులు కాదు, ముందు వైపు మూసి ఉండే బూట్లు, చేతులకు గ్లవుజులు. రోజూ రాత్రి అరికాళ్లు అద్దం పెట్టి చూసుకోండి, కనపడకపోతే కోడలో కొడుకో చూడాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల చీటీ, ఆ యాంటీబయాటిక్ ఖాళీ షీటు వెంట పట్టుకెళ్లండి. షీటు పారేసి ఉంటే దాని పేరు మీ అబ్బాయిని అడిగి రాసుకోండి.