మిడ్ ఇంజన్ టయోటా సంగతి సరే, ముందు మా బాబాయ్ వ్యాన్ కథ వినండి

"టయోటా ఎంఆర్2 మళ్ళీ వస్తుందంటున్నారు, నిజమేనా? వస్తే బెజవాడలో నడపగలమా?" అని అడిగారు. ఎంఆర్2 అంటే టయోటా పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మిడ్ ఇంజన్ బండి, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో ఇంజన్ ఉండేది.

వస్తుంది. నా మాట రాసిపెట్టుకోండి. 2025 జనవరిలో టోక్యో ఆటో సలోన్ అనే కార్ల ప్రదర్శనలో టయోటావాళ్ళు జీఆర్ యారిస్ అనే చిన్న కారుకి ఇంజన్ని ముందు నుంచి పీకి, సీట్ల వెనక కొత్తది కూర్చోబెట్టి చూపించారు. రెండు లీటర్ల కొత్త టర్బో, నాలుగు చక్రాలకూ పవర్. పాలు కాచి తోడేసినవాడు పెరుగు వద్దంటాడా?

మా మేనల్లుడు మాత్రం రోజుకో కొత్త బొమ్మ పట్టుకొస్తాడు. "మావయ్యా, లీకైంది!" అంటాడు. లీకూ లేదు, పాడూ లేదు, ఎవడో కంప్యూటర్లో గీసింది. పోయిన నెల బొమ్మలో సైలెన్సర్ మధ్యలో ఉంది, ఈ నెల పక్కకు పోయింది. ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ కొట్లో ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. ఆ బొమ్మలో రేడియేటర్ ఎక్కడో చూపించరా అంటే నోరు మెదపడు. ఇంజన్ వెనక పెడితే ముందు అడగాల్సింది అదే.

అలాగని పుకార్లన్నీ అబద్ధాలని అనను. అమెరికా షెవ్రోలేవాళ్ళ స్పోర్ట్స్ కారు కార్వెట్ సంగతే చూడండి. జోరా అర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు 1960లోనే డ్రైవర్ వెనక ఇంజన్ పెట్టి ప్రయోగానికో బండి కట్టాడు. అసలు కార్వెట్ కూడా అలాగే రావాలని ఆయన పట్టు. అదిగో ఇదిగో అంటూ జనం ఎదురుచూశారు. 1996లో ఆయన పోయాడు, బండి చూస్తే 2019 జులైలో బయటికొచ్చింది. మొదటి ధర 60 వేల డాలర్ల లోపే, మెచ్చుకోవాలి. క్లచ్ పెడల్ మాత్రం మాయం. కుడిచేతి స్టీరింగ్‌తో వచ్చిన మొదటి కార్వెట్ కూడా అదే, మన రోడ్లకు సరిపోయేది! ఏం లాభం, 2017 చివరికే షెవ్రోలే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది.

ఇక బెజవాడలో నడుస్తుందా అంటారా? మిడ్ ఇంజన్ బండి మన ఊళ్ళో ఎప్పటినుంచో నడుస్తోంది. నవ్వకండి, మారుతి ఓమ్నీ. 796 సీసీ ఇంజన్, సరిగ్గా ముందు సీట్ల కింద. జపాన్‌లో ఎంఆర్2 దిగింది 1984లో, మన మారుతి వ్యాన్ వచ్చిందీ 1984లోనే. స్పోర్ట్స్ కార్లవాళ్ళు మొహం చిట్లిస్తారు, చిట్లించుకోనీండి.

2003లో మా అక్క పెళ్ళి. రోహిణీ కార్తె, రోళ్ళు పగిలే ఎండ. గుంటూరు అరండల్‌పేట నుంచి బెజవాడ కల్యాణ మండపానికి బాబాయ్ ఓమ్నీ వ్యాన్లో బయల్దేరాం. ఇంటికి పెద్దాయన కాబట్టి పెదనాన్న పట్టుపంచె కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక మేము ఏడుగురం, అరిసెల డబ్బాలు, రెండు అరటి గెలలు. కాజ దాటామో లేదో పెదనాన్న అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. "ఒరేయ్, కిందనుంచి ఇడ్లీ పాత్రలాగా ఆవిరొస్తోందిరా" అన్నాడు. "ఎండ అన్నయ్యా" అన్నాడు బాబాయ్. ఇంకో ఫర్లాంగు పోయేసరికి పెదనాన్న బండి ఆగకముందే తలుపు తీశాడు.

అందరం దిగాం. ఆడవాళ్ళు తుమ్మచెట్టు కిందికి పోయారు. బాబాయ్ సీటు ఎత్తితే గుప్పుమని పొగ. రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోతుంటే, పక్కన ఆగిన మిర్చి లారీ క్లీనర్ కుర్రాడు "బాబాయ్, ఇప్పుడు తియ్యమాక, మొహం కాలుద్ది!" అని అరిచాడు. చూస్తే హోస్ పైపు చీలింది. పైపు పగుళ్ళిచ్చిందని బాబాయ్‌కి రెండు వేసవుల ముందే తెలుసు. "ఇంకా లాగుద్దిలే" అని నెట్టుకొచ్చాడు, కాబట్టి తప్పు బండిది కాదు. ఆ కుర్రాడే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, ఇనప తీగతో బిగించి, మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ చల్లారాక అందులో పోశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, అరిసెలు మాత్రం నాలుగు తిన్నాడు. ఆ తర్వాత ముందు సీట్లో కూర్చోమంటే ఎవరూ కదల్లేదు. పదిహేడేళ్ళవాణ్ణి, నన్ను తోశారు. పెదనాన్న పంచె మీద గ్రీజు మరక పెళ్ళి ఫోటోల్లో ఇప్పటికీ కనబడుతుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పాత ఎంఆర్2లో రేడియేటర్ ముక్కు దగ్గర, ఇంజన్ వీపు వెనక. మధ్యలో పొడుగాటి గొట్టాల్లో కూలెంట్ అటూ ఇటూ తిరగాలి. నీళ్ళు మార్చినప్పుడు గాలి బుడగ ఒక్కటి మిగిలినా ఇంజన్ వేడెక్కి కూర్చుంటుంది, ఓపిగ్గా గాలంతా తీసేదాకా వదలదు. మే నెలలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆ ఓపిక ఎవరికుంది? పైగా మా కాలనీ స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయే, కొలతా లేదు, రంగూ లేదు, ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్నారు. పంచాయితీ పెడితే "పిల్లలు ఆడుకుంటారండీ" అంటారు. ఇన్నోవానే కింద రాసుకుంటుంటే, జానెడు ఎత్తు బండి సంగతి చెప్పేదేముంది!

టయోటా తల్చుకుంటే తేవడం అసాధ్యమేం కాదు. ఏడాదికి 2,500 బళ్ళ దాకా ఇక్కడ మళ్ళీ పరీక్షలు చేయించకుండా కంపెనీ దిగుమతి చేసుకోవచ్చని 2018 నుంచి నిబంధన ఉంది. కానీ సుంకాలు కలిపేసరికి ధర రెండింతలవుతుంది. ఆ డబ్బుకి మనవాళ్ళు ఫార్చ్యూనర్ కొని, ముందు అద్దం మీద అమ్మవారి బొమ్మ అంటిస్తారు. షోరూంవాళ్ళకీ అది తెలుసు.

మీరు కొంటే మాత్రం ఆటోనగర్ తీసుకురండి, చూడాలని నాకూ ఉంది. రెండే సీట్లు కదా, పెదనాన్నని ఎక్కించే పని లేదు. ఆయన ఆ రోజు తర్వాత ఏ బండిలోనూ ముందు కూర్చోలేదు. సైకిల్ ట్యూబు కట్టు మాత్రం దసరా దాకా నిలిచింది, బాబాయ్ అప్పటికీ పైపు మార్చలేదు.