సిలిండర్‌లో మిగిలిన గ్యాసే మీ సాక్ష్యం

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె. రొయ్యలు కొని నిల్వచేసి పంపే చిన్న కోల్డ్ రూమ్ మీదే మా ఇల్లు గడుస్తోంది. భీమవరంలో ఒక వ్యాపారి గదిని చల్లబరిచే ఆర్-22 గ్యాసు అని చెప్పగా మూడు సిలిండర్లు కొన్నాను. బిల్లు తీసుకోలేదు, డబ్బు ఫోన్‌లో పంపాను. రెండు సిలిండర్లు ఎక్కించిన మూడో రోజే కంప్రెసర్ కాలిపోయి సరుకంతా పాడైంది. అది నకిలీ గ్యాసని మెకానిక్ చెప్పాడు. కాలిన కంప్రెసర్‌ను పాత ఇనుము కింద అమ్మేశాను. ఇరవై రెండు నెలలుగా ‘వచ్చే నెల ఇస్తా’నంటూ తిప్పిన వ్యాపారి ఇప్పుడు ‘అది నిషేధించిన గ్యాసు, కోర్టుకు వెళితే నువ్వే జైలుకు పోతావు’ అని వాట్సాప్‌లో బెదిరిస్తున్నాడు. ఎక్కడో అంటార్కిటికాలో ఓజోన్ పొరకు రంధ్రం పడితే మా ఊళ్ళో గ్యాసు ఆపడమేమిటి? అసలు సరుకు దొరక్కనే మోసపోయాను కాబట్టి ప్రభుత్వాన్ని పరిహారం అడగవచ్చా? మరో డీలరు పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. మిగిలిన సిలిండర్‌ను ఖాళీచేసి పారేయమని మా బావగారు అంటున్నారు. నష్టం ఆరు లక్షలకు పైమాటే. నాన్నగారు ఈ దిగులుతోనే మంచం పట్టారు.
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో నాన్నగారి అనారోగ్యం గురించి రాసినదేదీ ఈ కేసును తేల్చదు. ఆర్-22 అని చెప్పి అమ్మిన సిలిండర్‌లో ఉన్నది ఆర్-22 అవునా, కాదా అన్న ఒక్క ప్రశ్నే దీన్ని తేలుస్తుంది. ఫలానా సరుకని చెప్పి అమ్మినప్పుడు ఇచ్చిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ఏ అవసరానికి కొంటున్నారో అమ్మేవారికి ముందే చెప్పి, ఆయన అనుభవంపై ఆధారపడి కొన్నట్లయితే 16వ సెక్షన్ కూడా మీకు తోడవుతుంది.

వ్యాపారి బెదిరింపులో పస లేదు. ఓజోన్ పొర రక్షణకు దేశాలు కుదుర్చుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన వంటి దేశాలు ఆర్-22 వంటి, ఓజోన్‌ను హరించే హెచ్‌సీఎఫ్‌సీ గ్యాసుల వాడకాన్ని 2013లో ఉన్నచోట నిలిపివేసి, 2015 నాటికి 10 శాతం, 2020 నాటికి 35 శాతం, 2025 నాటికి 67.5 శాతం తగ్గించి, 2030కి ముగించాలి. ఉన్న యంత్రాల మరమ్మతుకు మాత్రం కొద్ది పరిమాణాన్ని 2040 వరకు అనుమతించారు. అంటే పాత యంత్రంలో ఆర్-22 ఎక్కించుకోవడమే నేరమన్న మాట నిజం కాదు. ఓజోన్ పొరను హరించే పదార్థాల నియంత్రణకు మన దేశం 2000లో చేసిన నియమాలు రిజిస్ట్రేషన్, రికార్డుల బాధ్యతలు పెట్టాయి. అవి లేకుండా అమ్మి ఉంటే ముందుగా సంజాయిషీ చెప్పవలసినది ఆయనే. పైగా ఆ నియమాలకు మూలమైన పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లోని జైలుశిక్షను తొలగించి, 2024 ఏప్రిల్ 1 నుంచి పదివేల రూపాయలు మొదలు పదిహేను లక్షల వరకు జరిమానాగా మార్చారు. ‘అది నిషేధించిన గ్యాసు’ అని ఆయన రాసిన సందేశాన్ని పొరపాటున కూడా తుడిచివేయకండి, ఎందుకంటే ఆర్-22 పేరుతో మీకు అమ్మింది తానేనని అందులో ఆయనే ఒప్పుకున్నట్లు వాదించవచ్చు.

ప్రభుత్వం మీద దావా ఆలోచన మానుకోండి. గ్యాసు ఆకివీడులో వదిలినా అమెరికాలో వదిలినా ఏళ్ల తరబడి గాలిలో నిలిచి భూమంతటా వ్యాపిస్తుంది. అందులో కొంత పై పొరలకు చేరి, సూర్యుని అతినీలలోహిత కిరణాలకు విడిపోయి, క్లోరిన్‌ను వదులుతుంది. అంటార్కిటికా చలికాలపు మంచు మేఘాల మీద ఆ క్లోరిన్ చురుకెక్కుతుంది కాబట్టి రంధ్రం అక్కడ ఏర్పడుతున్నది గాని, గ్యాసును అక్కడ వదిలినందువల్ల కాదు. ఆ రంధ్రం సంగతిని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1985లో ప్రకటించారు, 1987 సెప్టెంబరు 16న ఒప్పందం కుదిరింది. సంపన్న దేశాలు చేసిన నష్టానికి పేద దేశాలు మూల్యం చెల్లించడమేమిటన్నది మీ ప్రశ్న వెనుక ఉన్న మాటైతే అది న్యాయమైనదే. ఆ మాటనే ఇండియా, చైనా గట్టిగా వినిపించాయి. 1990లో లండన్ సమావేశం సహాయనిధిని అంగీకరించిన తరువాతే, 1992లో మన దేశం ఒప్పందంలో చేరింది. అంత చర్చ జరిగి, అంత గడువు ఇచ్చి చేసిన నియమం మీ వ్యాపారాన్ని హఠాత్తుగా దెబ్బతీసిందంటే ఏ న్యాయస్థానమూ అంగీకరించదు.

ఇక మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. లక్షల యంత్రంలో ఎక్కించే గ్యాసును బిల్లు లేకుండా కొనడం ఒక తప్పు, కాలిన కంప్రెసర్‌ను అమ్మేయడం అంతకన్న పెద్ద తప్పు. అందులోని నూనె, కాలిన వైండింగ్ మీ తరఫున మాట్లాడేవి. అవి పోయాక మీకు మిగిలిన గట్టి ఆధారం ఆ మూడో సిలిండర్ ఒక్కటే, దాన్నే ఖాళీచేయమంటున్నారు మీ బావగారు! సీలు చెక్కుచెదరకుండా నీడపట్టున, నిప్పుకు దూరంగా, తాళం వేసి ఉంచండి. నకిలీ గ్యాసులలో మండే ప్రొపేన్, అల్యూమినియంతో కలిస్తే ప్రమాదకరమైన మిథైల్ క్లోరైడ్ బయటపడిన సందర్భాలున్నాయి కాబట్టి మెకానిక్‌తో కూడా విప్పించవద్దు. పరీక్ష న్యాయస్థానం ద్వారానే జరగాలి: వినియోగదారుల కమిషన్ అయితే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద నమూనాను ప్రయోగశాలకు పంపుతుంది, సివిల్ కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 10-ఏ కింద, పరీక్ష జరిపించే కమిషనర్‌ను కోరవచ్చు.

పాత తేదీ బిల్లు జోలికి మాత్రం పోవద్దు. అది ఫోర్జరీ, తప్పుడు సాక్ష్యం సృష్టించడం. రాసిచ్చిన డీలరు జీఎస్టీ లెక్కలు తెప్పిస్తే ఒక్క వాయిదాలో బయటపడుతుంది, అప్పుడు మీ నిజమైన సాక్ష్యాన్ని కూడా ఎవరూ నమ్మరు. బిల్లు లేకున్నా నోటి ఒప్పందం చెల్లుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సందేశాలు, వాటికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం, మెకానిక్ ప్రమాణపత్రం, కొత్త కంప్రెసర్ బిల్లు, పాడైన సరుకు లెక్కలు సిద్ధం చేసుకోండి.

అన్నిటికన్న తొందరపడవలసింది గడువు విషయంలో. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లే గడువు, అందులో మీకు మిగిలింది రెండు నెలలు. ‘వచ్చే నెల ఇస్తా’నన్న నోటిమాట గానీ, మీరు పంపే లాయరు నోటీసు గానీ ఆ గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు, బాధ్యతను ఒప్పుకుంటూ గడువులోపల ఆయన సంతకంతో రాసిచ్చి ఉంటేనే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ అక్కరకొస్తుంది.

అయితే కమిషన్‌లో ‘ఇది వాణిజ్య అవసరానికి కొన్నది, కాబట్టి ఈయన వినియోగదారుడే కాడు’ అన్న అభ్యంతరం తప్పక వస్తుంది. మీరే పనిచేసుకుంటూ బతుకుతెరువు కోసమే నడుపుతుంటే చట్టంలోని మినహాయింపు వర్తించవచ్చు. కూలీలను పెట్టి నడుపుతుంటే అక్కడికి వెళ్లకపోవడమే మంచిది. అప్పుడు మార్గం సివిల్ దావా, దానికి మూడేళ్ల గడువు. మీ నష్టం మూడు లక్షలు దాటింది కాబట్టి ఇది వాణిజ్య వివాదమవుతుంది, అత్యవసర ఉత్తర్వు అడగనంత వరకు ముందుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. ఆ మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని గడువులో లెక్కించరు. కోల్డ్ రూమ్‌లో ఎందరు పనిచేస్తున్నారో చూపే జీతాల పుస్తకం, కంప్రెసర్ కాలిన తేదీకి ఆధారం తీసుకుని ఈ వారంలోనే భీమవరంలో ఒక న్యాయవాదిని కలవండి. రెండు దారులలో ఏది మీదో ఆ పుస్తకం చూసి ఆయన చెప్పగలరు.