టెక్ సందేహాలు: 1440, లేదంటే 1500.. మధ్య అంకె ఏమైంది?

మాది బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు. మోటార్ షాఫ్ట్ మీద ఒక బోల్టు, దానికి ఎదురుగా ప్రాక్సిమిటీ సెన్సర్ (లోహం దగ్గరికొస్తే పల్సు, అంటే చిన్న కరెంటు సిగ్నల్ ఇచ్చేది) పెట్టాం. ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు సెకనుకోసారి పల్సులు లెక్కపెట్టి ల్యాప్‌టాప్‌కి పంపుతుంది. ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) ఓసారి 1440 అంటుంది, ఓసారి 1500. మధ్య అంకె ఎప్పుడూ రాదు. కోఠి గుజరాతీ గల్లీలో కొత్త సెన్సర్ కొని మార్చినా అంతే. బోర్డు పోయిందా?

బోర్డుకేం కాలేదు. పాత సెన్సర్ కూడా బాగానే ఉండి ఉంటుంది, పారేయకండి. తేడా అంతా లెక్కపెట్టే పద్ధతిలో ఉంది. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే ఒక పల్సు. సెకనులో 24 వస్తే, 60తో గుణిస్తే 1440. 25 వస్తే 1500. ఇరవై నాలుగున్నర పల్సులు ఉండవు కదా, ఇక మధ్య అంకె ఎక్కడి నుంచి వస్తుంది? మీ మోటార్ నిజంగా 1460లో తిరుగుతుంటే సెకనుకు 24.33 పల్సులు పడతాయి. అప్పుడు రెండుసార్లు 1440, ఒకసారి 1500 కనిపిస్తుంది. మీ స్క్రీన్ మీద వరస ఇలాగే ఉందేమో చూడండి.

పది సెకన్లు లెక్కపెడితే ఆ 60 ఆర్‌పీఎం మెట్టు 6కి తగ్గుతుంది. కానీ లోడు పడి మోటార్ కుంగితే ఆ సంగతి పది సెకన్లకు గానీ తెలియదు. నేనైతే ఆ దారి పట్టను.

పల్సులను లెక్కపెట్టడం మానేసి, ఒక పల్సు మొదలైనప్పటి నుంచి తర్వాతి పల్సు మొదలయ్యే వరకు పట్టిన సమయం కొలవండి. సెన్సర్ తీగను 2వ పిన్‌కి కలిపి, ఇంటరప్ట్ (పల్సు రాగానే బోర్డు చేస్తున్న పని ఆపి దాన్ని చూసుకోవడం) వచ్చిన ప్రతిసారీ మైక్రోసెకన్ల గడియారం చూసి రాసుకోవాలి. 1460 ఆర్‌పీఎం దగ్గర ఈ సమయం 41,096 మైక్రోసెకన్లు. 6 కోట్లను దానితో భాగిస్తే స్పీడ్ వచ్చేస్తుంది. ఊనో గడియారం 4 మైక్రోసెకన్ల చొప్పున కదులుతుంది కాబట్టి ఇక్కడ తేడా ఒక్క ఆర్‌పీఎం కూడా ఉండదు. ముందు పల్సు తర్వాత 10 మిల్లీసెకన్లలోపు ఇంకోటి వస్తే వదిలేయమని ప్రోగ్రామ్‌లో రాయండి. 6000 ఆర్‌పీఎం దాటితే తప్ప అంత త్వరగా రాదు, అది కచ్చితంగా నాయిసే (తీగలోకి చొరబడిన దొంగ సిగ్నల్).

ఇంకో మాట, ఇది మాత్రం మర్చిపోవద్దు. సెన్సర్ 24 వోల్టులదైతే నల్ల తీగను (సిగ్నల్ వచ్చేది) ఊనోకి కలిపే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. బోల్టు ఎదురుగా ఉన్నప్పుడూ, లేనప్పుడూ రెండుసార్లూ చూడాలి. 24 కనిపిస్తే నేరుగా కలపకండి, మధ్యలో ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుతురుతో దాటించి రెండు వైపుల కరెంటునూ వేరుగా ఉంచేది) పెట్టండి. ఊనో పిన్ 5 వోల్టులకే.

ఇంజినీరింగ్ చదువుతున్నాను, ఉండేది ఉప్పల్‌లో. డేటా అక్విజిషన్ కార్డు (సిగ్నళ్లను కొలిచి కంప్యూటర్‌కి ఎక్కించేది) డిజిటల్ ఇన్‌పుట్‌కి 900 హెర్ట్జ్ ఇచ్చి, సెకనుకు 1000 శాంపిళ్లు తీస్తుంటే, అంటే 1000 సార్లు చూస్తుంటే, 100 హెర్ట్జ్ అని చూపిస్తోంది. ఎందుకు?

మీరు ఒకసారి చూసి మళ్లీ చూసేలోపు సిగ్నల్ తన చుట్టులో పదింట తొమ్మిది వంతులు తిరిగేస్తోంది. అంటే చూసిన ప్రతిసారీ పదో వంతు వెనకబడి కనిపిస్తుంది. అలా పది శాంపిళ్లకు, అంటే 10 మిల్లీసెకన్లకు, ఒక దొంగ చుట్టు పూర్తవుతుంది. మీకు కనిపించే 100 హెర్ట్జ్ అదే. దీన్నే ఏలియాసింగ్ అంటారు. పల్సు ఎంతసేపు పైన ఉంటుందో, ఎంతసేపు కింద ఉంటుందో చూసుకోండి. వాటిలో చిన్నదానికంటే మీ శాంపిళ్ల మధ్య దూరం తక్కువ ఉండాలి, లేకపోతే పల్సులు జారిపోతాయి. ఇంతకీ మీ కార్డులో కౌంటర్ ఇన్‌పుట్ ఉందేమో మాన్యువల్‌లో చూడండి. అది ప్రతి పల్సునూ హార్డ్‌వేర్‌లోనే పట్టుకుంటుంది. ఉంటే తీగ అక్కడికి మార్చండి, 900 కనిపిస్తుంది.