లెక్చరర్ పోస్టు కోసమే అయితే ముందు నెట్ రాయండి, పీహెచ్‌డీ కాదు

మీరు అడిగింది ఇది: ఎమ్మెస్సీ జువాలజీ అయింది, కావలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు, ఇంట్లో చంటిబిడ్డ ఉంది. పీహెచ్‌డీ చేస్తే పర్మనెంట్ ఉద్యోగం వస్తుందా, అసలు ఈ రోజుల్లో ఆ డిగ్రీ ఎందుకు అని. నేనూ జువాలజీలోనే పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు యూనివర్సిటీలో లేను. నెల్లూరు జిల్లా తీరంలో రొయ్యల జబ్బులు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను.

ఉద్యోగం సంగతి ముందు తేల్చేద్దాం. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాలంటే 2021 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని, యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018లో రూల్ పెట్టింది. దాన్ని ఒకసారి వాయిదా వేసి, 2023 జులైలో ఎత్తేసింది. ఇప్పుడు కనీస అర్హత నెట్ (జాతీయ స్థాయి అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర స్థాయిది). పీహెచ్‌డీ ఉంటే షార్ట్‌లిస్టులో మార్కులు కలుస్తాయి. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే అది ఉండాల్సిందే. అయినా ముందు కావాల్సింది నెట్టే. పైగా 2024 జూన్ నుంచి పీహెచ్‌డీ అడ్మిషన్‌కి కూడా నెట్ స్కోరు పనికొస్తోంది. కాబట్టి ఏ దారిన వెళ్లినా ఆ చదువు వృథా కాదు.

మా గురువుల తరంలో లెక్క వేరు. నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చింది 2008లోనే. అంతకుముందు మనవాళ్లు తిరుపతి వెళ్లేవాళ్లు, ఒంగోలు వాళ్లు ఎక్కువగా నాగార్జున యూనివర్సిటీకి. చాలామందికి అప్పటికే లెక్చరర్ ఉద్యోగం ఉండేది. యూజీసీ పథకం కింద జీతంతో సెలవు తీసుకుని రీసెర్చ్ చేసి, మళ్లీ అదే కాలేజీకి తిరిగి వచ్చేవాళ్లు. అంటే ముందు ఉద్యోగం, తర్వాత పీహెచ్‌డీ. ఇప్పుడు పిల్లలు ముందు పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నారు. పర్మనెంట్ పోస్టులు ఆ లెక్కన పెరగలేదు.

ఈ మధ్యలో ఇంకో చెడు జరిగింది. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు కాలేజీలో ఎంతమంది డాక్టరేట్లు ఉన్నారన్నది చూస్తారు కదా, దాంతో డిగ్రీ ఫైల్లో ఒక అంకె అయిపోయింది. థీసిస్ ఇచ్చేలోపు పేపర్ వేయాల్సిందే అన్న పాత నిబంధన వల్ల డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నల్స్ పుట్టుకొచ్చాయి. 2022 నవంబరు నిబంధనల్లో యూజీసీ ఆ షరతు తీసేసింది. మంచి పని చేసిందనే నా అభిప్రాయం. 'థీసిస్ మేమే రాసిస్తాం' అని మీ ఫోన్‌కి మెసేజ్‌లు వస్తాయి. వాటి జోలికి వెళ్లొద్దు. ఆ డిగ్రీతో మీ చేతికి ఏ విద్యా రాదు.

మరి పీహెచ్‌డీ ఎందుకు? నా పనిలోంచే చెబుతాను. అల్లూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. రెండు చెరువులు, ఒకే హేచరీ సీడ్ (రొయ్యపిల్లలు), ఒకే మేత. ఒకదాంట్లో రొయ్య బాగానే పెరిగింది, రెండోదాంట్లో కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) రావడం లేదు. చిన్నవీ పెద్దవీ కలిసిపోయి ఉన్నాయి, నీళ్ల మీద తెల్లటి పెంటికలు తేలుతున్నాయి. పీసీఆర్ పరీక్షలో ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి పాజిటివ్ వచ్చింది. అది రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదుగుదల ఆపేస్తుంది. మేత ఖర్చు పోతూనే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. ఆయన అడిగింది ఒకటే: "మేడం, తప్పు సీడ్‌దా, చెరువుదా?"

ఆ ఒక్క రిపోర్టుతో జవాబు చెప్పలేం. సీడ్ వదలకముందు పరీక్షించి ఉండాలి. ఈహెచ్‌పీ బీజాలు అడుగు మట్టిలో బతికి ఉంటాయి కాబట్టి, పాత పంట తర్వాత చెరువును ఎంత ఎండబెట్టారో, సున్నం ఎంత వేశారో తెలియాలి. అదే బ్యాచ్ సీడ్ ఇంకెవరి చెరువుల్లో వేశారో వెతికి, అక్కడి రొయ్యలనూ చూడాలి. రెండు చెరువుల తేడాతో సరిపోదు, ఇరవై చెరువులు కావాలి. ఏది దేనితో పోల్చాలి, ఎన్ని శాంపిల్స్ తీయాలి, మనం అనుకున్నది తప్పైతే అది ఎలా బయటపడుతుంది అని ఆలోచించడం నాకు ఎమ్మెస్సీలో రాలేదు. థీసిస్ పనిలోనే వచ్చింది. నెగెటివ్ రిజల్ట్ వచ్చినప్పుడు దాచకుండా రాయడం కూడా అక్కడే అలవాటైంది. హేచరీ వాళ్లకు నచ్చని రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే ఆ అలవాటు ఉండాలి.

పీహెచ్‌డీ అసలు పని ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. తెలియని విషయాన్ని తేల్చగలిగే ప్రశ్నగా మార్చడం. అది క్లాస్‌రూమ్‌కే పరిమితమైన విద్య కాదు. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అలాంటి ప్రశ్నలు ఎన్ని పడి ఉన్నాయో చూడండి: కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, చీమకుర్తి క్వారీ దుమ్ములో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు, ఈ రొయ్యల చెరువులు. వీటిలో ఏదైనా మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే చేరండి. అలాంటిది ఏదీ లేకపోతే, నెట్ రాసి పాఠాలు బాగా చెప్పడం కూడా గౌరవమైన పనే.

చేరాలనుకుంటే మీ పరిస్థితికి పనికొచ్చేవి కొన్ని. 2022 నిబంధనల ప్రకారం కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) తెచ్చుకుంటే పార్ట్‌టైమ్ చేయవచ్చు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడవాళ్లకు ఇంకో రెండేళ్ల సడలింపు, బిడ్డ కోసం 240 రోజుల వరకు సెలవు ఉన్నాయి. చాలామంది అమ్మాయిలకు ఈ సంగతి తెలియక మధ్యలో మానేస్తున్నారు. నెట్‌లో మంచి ర్యాంకుతో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే ఫుల్‌టైమే మేలు, నెలకు 37,000 రూపాయలు. ఫెలోషిప్ లేకుండా ఫుల్‌టైమ్ చేరడం మాత్రం ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క వేసుకోకుండా చేయొద్దు.

గైడ్‌ను పేరు చూసి ఎంచుకోవద్దు. థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగ సైట్‌లో ఆయన దగ్గర చేసినవాళ్లవి ఉంటాయి, రెండు మూడు తెరిచి మెథడ్స్ చాప్టర్ చదవండి. అన్నీ ఒకే మూసలో ఉన్నాయంటే అర్థం చేసుకోండి. తర్వాత ఆయన స్కాలర్లను, ఆయన లేనప్పుడు, క్యాంటీన్‌లో కలవండి. కెమికల్స్ ఎన్నాళ్లకు వస్తాయి, చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకు చదివి ఇస్తారు, ల్యాబ్ పని కాకుండా ఇంటి పనులు ఏమైనా చెబుతారా అని అడగండి. మొహమాటపడొద్దు.