పోలిక తప్పేది కళ్ల దగ్గర కాదు, నుదుటి దగ్గర

చిన్నప్పుడు మనుషుల ముఖాలు తెగ వేసేదాన్నని, 20 ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెడితే పోలిక రావట్లేదని, చెయ్యి పోయిందా అని అడిగారు. చెయ్యి ఎక్కడికీ పోదండీ. నాలుగు రోజులు గీస్తే గీతలో వణుకు తగ్గుతుంది. ఈ 20 ఏళ్లలో మీ కన్ను ఎదిగింది, అప్పుడు కనిపించని తప్పులు ఇప్పుడు కనిపిస్తున్నాయి. అంతే తేడా.

మొదటి బొమ్మ దాదాపు అందరిదీ ఒకేలా పాడవుతుంది. కూర్చోగానే ఒక కన్ను వేస్తారు. రెప్పల వెంట్రుకలతో సహా అరగంట పట్టి ముచ్చటగా వస్తుంది. దానికి జోడీగా రెండోది. ముక్కు, నోరు కూడా అయ్యాక చూస్తే నుదుటికి రెండు వేళ్ల చోటే మిగులుతుంది. జుట్టంతా అక్కడే ఇరికిస్తారు. ఇక ఎంత షేడింగ్ చేసినా ఆ మనిషి రారు. తిన్నగా చూసే ముఖంలో నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా కొలవండి, కళ్లు ఇంచుమించు సగంలో ఉంటాయి. నుదుట్లో చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి మనసు దాన్ని కుదించేస్తుంది.

అందుకే మొదటి 20 నిమిషాలు కంటి జోలికి పోకండి. హెచ్‌బి పెన్సిల్‌తో, చెరిపితే పోయేంత తేలిగ్గా నడినెత్తికో గీత, గడ్డానికో గీత, సగంలో కళ్ల గీత. కనుబొమలకీ గడ్డానికీ నడుమ ముక్కు అడుగు. అక్కడి నుంచి గడ్డం వైపు మూడో వంతు దిగితే పెదాలు కలిసే చోటు. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత ఎడం. ఇవి సగటు లెక్కలే. మీరు చూసి వేస్తున్న ఫొటోలోని మనిషి వీటికి ఎక్కడ తేడాగా ఉన్నారో చూడండి, పోలికంతా అక్కడే ఉంటుంది.

కాగితాన్ని బల్ల మీద పడుకోబెట్టి గీయొద్దు. పైభాగం కంటికి దూరమై కురచగా కనిపిస్తుంది, తెలియకుండానే సాగదీస్తారు. అట్టను ఏటవాలుగా ఆనించుకోండి. మధ్యమధ్యలో బొమ్మను అద్దంలో చూస్తే వంకర ఇట్టే దొరుకుతుంది.

సెల్ఫీ చూసి అసలు వేయొద్దు. అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. 2 మీటర్ల దూరం నుంచి, కిటికీ వెలుతురు ఒక పక్కన పడేలా తీసిన ఫొటో కావాలి. ఫ్లాష్ వేస్తే నీడలు పోయి ముఖం పలకలా అయిపోతుంది.

పెన్సిళ్లు హెచ్‌బి, 2బి, 4బి, 6బి చాలు (బి ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మెత్తగా, గీత నల్లగా ఉంటుంది). 24 పెన్సిళ్ల డబ్బా కొత్తవాళ్లకు అంటగట్టడం నాకు నచ్చదు. అందులోని గట్టి హెచ్ రకాలు నొక్కితే కాగితంలో గాడి పడుతుంది. చెరిపినా పోదు, పైన షేడింగ్ వేస్తే తెల్లగీతలా తేలుతుంది. వేలితో పులమమని చెప్పే వీడియోలు ఇంకా అన్యాయం. చర్మం జిడ్డు అంటుకుని మచ్చలు పడతాయి, నీడల అంచులన్నీ చెదిరి ముఖమంతా బూడిదరంగు పొగలా తయారవుతుంది.

కంటి తెల్లగుడ్డును తెల్లగా వదిలేయకండి, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది. పళ్ల మధ్య గీతలు వద్దు. జుట్టును ఒక్కో వెంట్రుకగా కాక పాయలుగా చూడండి. రోజుకో కొత్త ముఖం వెతక్కుండా ఒకే ముఖాన్ని ఐదుసార్లు వేయండి, మొదటి మూడూ షేడింగ్ లేకుండా.