స్కూల్ డ్యాన్స్‌కి అమ్మాయి డ్రెస్: గొడవ లేకుండా తేల్చుకోవడం

మీ పదిహేనేళ్ల అమ్మాయి స్కూల్ డ్యాన్స్‌కి సన్నటి స్ట్రాప్స్ ఉన్న పొట్టి డ్రెస్ ఎంచుకుందనీ, మీరు వద్దన్నాక మాట్లాడటమే మానేసిందనీ రాశారు. టెన్షన్ పడకండి, ఇది తేలే విషయమే.

ముందు స్కూల్ వాళ్ల డ్రెస్ కోడ్ ఇద్దరూ కలిసి చదవండి. సగం వాదన అక్కడే తీరిపోవచ్చు. తర్వాత ఆ డ్రెస్ వేసుకుని చూడమనండి. అద్దం ముందు నిలబడితే సరిపోదు. చేతులు పైకెత్తాలి, కుర్చీలో కూర్చోవాలి, వంగి చెప్పు సరిచేసుకోవాలి, ఒక పాటకి డ్యాన్స్ చేయాలి. మాటిమాటికీ స్ట్రాప్ లాక్కోవాల్సి వచ్చినా, అంచు పైకి పాకుతున్నా తనకే తెలుస్తుంది. ఫ్లాష్‌తో ఒక ఫొటో కూడా తీయండి. మామూలు వెలుతురులో బాగానే ఉన్న పల్చటి బట్ట ఫ్లాష్ పడితే లోపలిదంతా చూపించేయొచ్చు.

ఏం చెప్పినా డ్రెస్ గురించే చెప్పండి, దయచేసి తన ఒంటి గురించి వద్దు. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న మాట అసలే వద్దు. ఆ వయసులో అది చాలా లోతుగా గుచ్చుకుంటుంది.

అప్పటికీ ఆ డ్రెస్సే కావాలంటే టైలర్‌కి చూపించండి. స్ట్రాప్స్ వెడల్పు చేయొచ్చు, లైనింగ్ వేయొచ్చు, అంచులో మడత ఉంటే విప్పి పొడవు పెంచొచ్చు. రంగు, మోడల్ మాత్రం తనకే వదిలేయండి.